గోడ మీద గాజులు

"గోడకి కోపింగ్ పోయాలమ్మా," అన్నాడు మేస్త్రీ యోనా.

వసారాలో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తున్న మా అత్తయ్య పద్మావతమ్మ తలెత్తకుండానే, "పోవాలి నాయనా, పోవాలి. ఈ ఇంట్లో కోడలికి కోపం పోవాలని నేనూ ఎప్పట్నుంచో చూస్తున్నా," అంది.

యోనా నా మొహం చూశాడు. నేను యోనా మొహం చూశాను. ఇసుక తట్ట దించుతున్న భీమక్క కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ముందు నవ్వింది నేనే. ఈ ఇంట్లో నా మీద ఎవరు ఏ మాట అన్నా ముందు నవ్వేది నేనే, అదీ అందరికంటే గట్టిగా. "మా ఆవిడ నవ్విందంటే బూర్గంపాడులో కదిలే బస్సు ఆగిపోద్ది, ఎవరో కేకేశారనుకుని," అంటారు మా ఆయన.

అత్తయ్యకి చెవుడు. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి దాని ఇష్టం. యోనా అన్న మూడు ముక్కలూ పెరట్లోంచి వసారా దాకా నడిచి వెళ్లేసరికి గోడ కోడలైంది, కోపింగ్ కోపమైంది, పోయడం పోవడమైంది. మాటకి మెలిక వేసే విద్య నేను ఏళ్ల తరబడి సాధన చేసి సంపాదించుకున్నది. ఆవిడ ఊరికే వినపడకపోవడంతోనే సాధించేస్తుంది. నాకు అసూయ.

కోపింగ్ సంగతి చెప్పాలి. మా పెరటి గోడ రాతిగోడ. మట్టి అద్ది పేర్చిన నల్లరాళ్లు, నెత్తిన టోపీ లేదు. వానలకి నీళ్లు పైనుంచి లోపలికి దిగి, రాళ్ల మధ్య మట్టిని కొంచెం కొంచెంగా తాగేస్తాయి. అడవిలోంచి వచ్చే కోతులు పరిగెత్తి పై వరస రాళ్లని కదిలిస్తాయి. అందుకని గోడ పొడవునా ఇనుప ఊచలు పరిచి, రెండు పక్కలా సెంట్రింగ్ చెక్కలు బిగించి, కాంక్రీటు పోసి ఒక అంచు కడతారు. దాని పేరు కోపింగ్. మా అమ్మాయి సాయిప్రియ ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెబితే, "అమ్మా, ఇంగ్లీషులో కోపింగ్ అంటే కష్టాన్ని తట్టుకోవడం అని కూడా అర్థం," అంది. చూశారా! ఒక భాషలో తట్టుకోవడం, ఇంకో భాషలో కోపం, మధ్యలో గోడ. నా నుదుట రాసినవాడు ఎవడో మేస్త్రీయే అయ్యుంటాడు.

ఆ గోడని అందరూ "మామయ్యగారు కట్టిన గోడ" అంటారు. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఈ అడవి అంచున భూమి కొన్నారు. చేనంతా రాళ్లే. నా పెళ్లయిన మొదటి ఎండాకాలం నేనూ అత్తయ్యా ఆ రాళ్లు ఏరాం. వంగి ఏరి, తట్టలకెత్తి, గట్టు దాకా మోసి కుప్పలు పోశాం. అవి బండి మీద పెరట్లోకి వచ్చాయి. ఎవరో మేస్త్రీ పేర్చాడు. మామగారు చుట్ట కాలుస్తూ "ఇటు జరుపు, అటు జరుపు" అన్నారు. అంతే, గోడ ఆయన కట్టినట్టు. ఒకసారి చుట్టాల ముందు, "రాళ్లు మేం కదండీ ఏరింది," అన్నాను నేను, మామూలుగా. ఎవరూ వినలేదు. కాఫీ గ్లాసుల చప్పుడులో ఆ వాక్యం కలిసిపోయింది. కాసేపాగి, "రాతి గోడ మీది, రాత మాది," అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. మామగారైతే, "కోడలు పిల్లకి నోరుందిరోయ్," అని మెచ్చుకున్నారు.

ఆ రోజు నాకు ఒక సంగతి అర్థమైంది. ఈ ఇంట్లో సూటిగా అన్న మాట గోడకి తగిలి కింద పడిపోతుంది. మెలిక తిప్పి అన్నది మాత్రం లోపలికి పోతుంది. లోపలికి పోయి ఏం చేస్తుంది అంటే, ఏమీ చేయదు, కితకితలు పెట్టి వచ్చేస్తుంది. కానీ పోవడం అయితే పోతుంది కదా! అప్పటి నుంచి నేను ఒక్క మాట తిన్నగా అన్న పాపాన పోలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు 'ఏంది' అన్న నోరు, అత్తింటికొచ్చాక 'ఏంటి' అనడం నేర్చుకుంది. 'ఎందుకు' అనడం మాత్రం రెండు ఊళ్లలోనూ నేర్పలేదు.

పెళ్లయి వస్తున్నప్పుడు రైలు దిగింది భద్రాచలం రోడ్ స్టేషన్లో. బోర్డు చూసి, దిగగానే గోదావరి కనపడుతుందనుకున్నాను. బయటకొస్తే కొత్తగూడెం, బొగ్గు లారీలు. పేరు ఒకచోటు, దిగేది ఒకచోటు. "ఇదేంటండీ," అంటే, "రోడ్ అని రాసుందిగా, చదువుకున్నదానివి చూసుకోవద్దూ," అన్నారు మా ఆయన. ఆయన పేరు వెంకటనారాయణ. చెడ్డ మనిషి కాదు. బూర్గంపాడులో ఎరువుల దుకాణం, తెల్ల చొక్కా, అందరితో మంచి మాట. ఒక్కటే గుణం, మాటని పూర్తిగా పలికే ఓపిక ఉండదు. నా పేరు ప్రమీలారాణి. పెళ్లయిన కొత్తలో ముద్దుగా 'రాణీ' అనేవారు. వాడగా వాడగా ఆ 'ణ' అరిగిపోయింది. ఇప్పుడు వినపడేది 'రానీ' మాత్రమే. కాఫీ రానీ, టిఫిను రానీ, కండువా రానీ. రాజ్యం ఏమిటో తెలియని రాణిని, రానీయడమే పనిగా బతికాను.

ఇంకో మాట ఉంది ఆయన దగ్గర. "నువ్వు ఖాళీయే గదా." పొద్దున లేచి పేడ తీసి, పాలు పిండి, దుకాణంలో గుమాస్తాలకి కూడా క్యారేజీలు కట్టి, అత్తయ్యకి నడుముకి కాపడం పెట్టి, పత్తి ఏరే కూలీలకి మంచినీళ్లు పంపి, వాళ్లెవరికో పాము కుడితే దవాఖానాకి ఆటో మాట్లాడి, ఇంతలో మిల్లు నుంచి వచ్చిన బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంటే అప్పుడు ఆయన ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావ్? ఖాళీయే గదా, ఒకసారి ఆ కరెంటాయన వస్తాడేమో చూడు," అంటారు. చేలో రాళ్లు, బియ్యంలో రాళ్లు. "ఖాళీ ఖాళీ అని నన్ను కాళిని చేయకండి," అన్నాను ఒకసారి. ఆ మాట ఆయన దుకాణంలో నెల రోజులు చెప్పుకుని నవ్వారు. ఖాళీ మాత్రం అలాగే ఉంది.

నిజం చెప్పాలంటే నాకు ఒక ఖాళీ ఉంది. అది గోడ మీద.

గోడ నడుమ ఒకచోట ఎత్తు తక్కువ, అక్కడ పైన పలకలాంటి వెడల్పు రాయి. అది నేనూ అత్తయ్యా ఇద్దరం కలిసి మోసిన రాయి, ఒక్కరికి లేవలేదు. మధ్యాహ్నం అంట్లు బోర్లించి, అత్తయ్య కునుకు తీసే వేళ, నేను వెళ్లి దాని మీద కూర్చుంటాను, కాళ్లు అడవి వైపు వేలాడేసి. అవతల తునికి పొదలు, వాటి వెనక టేకులు, ఆ వెనక ఇప్పచెట్లు. ఇప్పపూలు రాలే రోజుల్లో గాలి కూడా కొంచెం తాగి నడుస్తున్నట్టుంటుంది. గోదావరి అక్కడి నుంచి కనపడదు, కానీ ఆ వైపు ఆకాశం అడుగున తడి మెరుపు ఒకటి ఉంటుంది. దాన్ని చూస్తూ ఉంటే మాటలు ఒక్కొక్కటే నాలోంచి దిగి, చెప్పులు విడిచి, ఆకుల మీద నడుచుకుంటూ వెళ్లిపోతాయి. అక్కడ నాకు ఒక్క చమత్కారమూ తోచదు. ఎవరినీ నవ్వించక్కర్లేదు. రాయి పగలంతా తాగిన ఎండ నెమ్మదిగా నాలోకి ఎక్కుతుంది. నేను రాయిని అవుతున్నానో, రాయి నేనవుతోందో తెలియని ఒక మెత్తదనం. కళ్లు మూస్తే గోడ కదులుతుంది. తెరిస్తే ఆగుతుంది.

మొన్న దుకాణం స్నేహితులు భోజనానికి వచ్చారు. కోతుల గురించి మాట. జామకాయ ఒక్కటి మిగలడం లేదు, పెంకులు ఎత్తేస్తున్నాయి అని తలా ఒకటీ చెబుతున్నారు. నేను నెయ్యి వడ్డిస్తున్నాను. మా ఆయన అన్నారు, "మా గోడ మీద రెండు రకాల కోతులండీ. ఒక రకానికి తోక ఉండదు. మధ్యాహ్నం పూట వస్తుంది."

కంచాల మీద నవ్వులు పడ్డాయి. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది నేను. "తోక లేదు గానీ కోక ఉందండీ," అన్నాను కూడా. ఇంకా నవ్వారు. నెయ్యి గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి ముందు నిలబడ్డాక కూడా నా నవ్వు ఆగలేదు. మొహం మీదే ఉండిపోయింది, ఎవరో అతికించి మర్చిపోయినట్టు. దాన్ని తీయడానికి నీళ్లతో మొహం కడుక్కోవలసి వచ్చింది.

ఆ వారంలోనే గోడ పని పెట్టారు ఆయన. కోపింగ్ పోసి, అది పచ్చిగా ఉండగానే పొడవునా గాజు పెంకులు గుచ్చాలి. సీసాలు పగలగొట్టించి బస్తాలో తెచ్చి పెరట్లో పడేశారు. పక్కింటి గోడ మీద గాజు పెంకులు ఎప్పటి నుంచో ఉన్నాయి. కోతులు వాటి మధ్య, బురదలో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్న పేరంటాళ్లలా, ఆచితూచి అడుగులేసుకుంటూ హాయిగా నడిచి వస్తాయి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"పొడుగంతా పెట్టించు. ఎక్కడా ఖాళీ వదలొద్దు," అన్నారు పొద్దున బండి తీస్తూ. "రేపట్నుంచి రోజూ రెండు పూటలా నీళ్లు పట్టాలి, లేకపోతే పగుళ్లిస్తుంది. నువ్వు ఖాళీయే గదా."

ఎక్కడా ఖాళీ వదలని గోడకి ఖాళీగా ఉన్న నేను నీళ్లు పట్టాలన్నమాట. ఇందులో ఒక చమత్కారం ఉంది కదా అనుకున్నాను. కానీ దాన్ని పైకి అనడానికి నోరు రాలేదు.

పని మొదలైంది. యోనా ఊచలు కోసి, సన్న తీగతో ముడులు బిగించాడు. చెక్కలు రెండు వైపులా నిలిపి మేకులు కొట్టాడు. నేల మీద కంకర, ఇసుక, సిమెంటు కలిసి మాలు అనే బూడిదరంగు ముద్దయ్యాయి. భీమక్క తట్టకెత్తి, నెత్తిన చుట్టకుదురు మీద పెట్టుకుని, నిచ్చెన రెండు మెట్లెక్కి అందించేది. మాలు జారి ఊచల మధ్యకి దిగేటప్పుడు ఒక చప్పుడు, నిద్రలో ఎవరో పక్కకి ఒత్తిగిల్లినట్టు. గోడలోకి ఊచలు వెళుతున్నాయి, నాలోకి ఊసులు వస్తున్నాయి. రెండు చివర్ల నుంచీ పోసుకుంటూ, గాజు పెంకులు గుచ్చుకుంటూ వచ్చారు. ఆకుపచ్చ సీసా ముక్కలు, గోధుమరంగు సీసా ముక్కలు ఎండకి తళుక్కుమంటూ, రెండు వైపుల నుంచీ నా పలకరాయి వైపు నడిచి వస్తున్నాయి.

మధ్యాహ్నానికి నా రాయి ఒక్కటే మిగిలింది.

భీమక్క తట్ట దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "అక్కా, నువ్వు కూసునే రాయి మీద గూడ గుచ్చుతరా?"

"సార్ చెప్పిండు గదా," అన్నాడు యోనా. "జానెడు గూడ వదలొద్దన్నడు. అంత గోడకు పెట్టి నడుమల వదిలేస్తె నన్నంటడు, పని రాని మేస్త్రీ అని."

"మరి అక్క ఏడ కూసుంటది?"

తట్ట మోసే ఆమెకి ఆ ప్రశ్న తట్టింది. ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నేను అలవాటుగా నవ్వేశాను. "నాకేందే భీమక్కా, గాజు మీద కూసుంటె గాజుబొమ్మ నవుత," అన్నాను పెద్ద గొంతుతో.

యోనా నవ్వాడు. భీమక్క నవ్వలేదు.

"నవ్వుతవేందక్కా," అంది, "నీ జాగ పోతుంటె."

అని, సద్దిగిన్నె తీసుకుని పెరటి మూలనున్న ఇప్పచెట్టు నీడకి వెళ్లిపోయింది. యోనా కూడా వెళ్లాడు. నేను నవ్వు మధ్యలో ఆగిపోయి, రాయి దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. రాయి మీద ఊచలు పరిచి ఉన్నాయి, మంచం నవారులా. వాటి మీదే ఒక పక్కగా కూర్చున్నాను, కాళ్లు అడవి వైపు వేసి. ఇదే ఆఖరుసారి అనుకున్నాను.

ఎండ గట్టిగా ఉంది. ఇప్పపూల వాసన నెమ్మదిగా వచ్చి కనురెప్పల మీద కూర్చుంది. నిద్ర కాదు, మెలకువ కాదు. గోడ కదిలింది. ఈసారి కళ్లు తెరిచినా ఆగలేదు. చెక్కల చప్పుడు చేస్తూ, పొడవాటి రైలులా, పెరడు వదిలి టేకుల మధ్యకి నడిచింది. అడవి దారి ఇచ్చింది. మోదుగుచెట్లు ఎర్రజెండాలు ఊపాయి, అయినా ఆగలేదు. భద్రాచలం రోడ్ అన్న స్టేషను వచ్చింది, ఈసారి నిజంగానే బోర్డు పక్కనే గోదావరి ఉంది. నేను దిగబోతుంటే కింద రాళ్లు పలికాయి. ఒక్కో రాయిలోంచీ గల్లు గల్లుమని గాజుల చప్పుడు. ఇదేమిటీ, రాళ్లలో గాజులేమిటి అనుకున్నాను. మరి గాజుల చేతులే కదా వాటిని ఎత్తింది, మోసింది, కుప్ప పోసింది. మట్టి కడిగినా, వాన తడిసినా ఆ చప్పుడు లోపలే ఉండిపోయింది కాబోలు. అత్తయ్యవి కొన్ని, నావి కొన్ని, ఎవరివో తెలియనివి చాలా. గోడంతా గలగలలాడుతూ నీళ్ల మీదకి వెళుతోంది.

ఫోన్ మోగింది.

మోగింది యోనా ఫోన్. చెయ్యి ఎంగిలిగా ఉందని స్పీకరు పెట్టి చెట్టు మొదట్లో ఆనించాడు. మా ఆయన గొంతు పెరడంతా వినపడింది.

"ఆఁ, యోనా, ఎంత దాకా వచ్చింది?"

"నడిమి ముక్క ఒక్కటే ఉంది సార్. అన్నం తిని పోస్తం."

"అమ్మగారుందా? రానీ! గాజులు మర్చిపోవద్దని చెప్పు. నడుమ కూడా గాజులు గుచ్చాలి. గట్టిపడకముందే పెట్టించు. గాజులు."

"అవ్ సార్, వింటుంది," అన్నాడు యోనా.

ఫోన్ ఆగిపోయింది. నేను రాయి మీద నుంచి దిగాను. కల ఇంకా చేతులకి అంటుకునే ఉంది. మాటని పూర్తిగా పలికే ఓపిక లేని మనిషి, 'ణ'ని అరగదీసినట్టే, 'పెంకులు' మింగేశారు. గాజు పెంకులు, గాజులు అయ్యాయి.

"యోనా," అన్నాను, "సార్ ఏమన్నడు?"

"గాజులు గుచ్చమన్నడు."

"గుర్తుంచుకో. మాట నాది కాదు. ఆయనదే."

ఇంట్లోకి వెళ్లి బీరువా పైనున్న రేకు డబ్బా దించాను. అందులో నా జత తప్పిన గాజులు. డజను కొంటే పది, పనిలో పగిలి, మిగిలినవి ఒకటో రెండో. వేసుకోవడానికి జత ఉండదు, పారేయడానికి చెయ్యి రాదు. ముక్కోటికి భద్రాచలంలో కొన్న ఎర్రవి, బోరింగు దగ్గర పగలగా మిగిలిన పసుపుది, సాయిప్రియ కడుపున పడ్డప్పుడు సీమంతానికి వేసినవాటిలో మిగిలిన ముదురాకుపచ్చది, గేదె తన్నినప్పుడు చెయ్యి వాచి, కోసి తీయబోయి కోయకుండా వదిలేసిన నీలంది. ప్రతిదీ ఏదో ఒక పని చేస్తూ పగిలినవాటి తోబుట్టువే.

భీమక్క ఆఖరి తట్టలు అందించింది. యోనా నా పలకరాయి మీద మాలు పరిచి, తాపీతో నునుపు చేశాడు. మిగతా గోడ కంటే అక్కడ వెడల్పెక్కువ, పీటలాగా. నేను నిచ్చెనెక్కి మొదటి గాజుని తడి సిమెంటు మీద పడుకోబెట్టి, వేళ్లతో నెమ్మదిగా అదిమాను. సగం లోపలికి, సగం పైకి. చల్లగా ఉంది. వేళ్ల కింద సిమెంటు, పెరుగు తోడుకుంటున్నప్పటి మెత్తదనంతో ఉంది. ఎర్రది పక్కన పసుపుది, దాని పక్కన నీలంది.

"గుచ్చుడంటె గిట్ల గాదమ్మా," అన్నాడు యోనా, నోరు తెరుచుకుని.

"సార్ గాజులన్నడా, లేదా?"

"అన్నడు."

"నువ్వు సార్ మాట వింటవా, నీ సొంత తెలివి పెడతవా?"

యోనా ఆలోచించాడు. వెనక భీమక్క కొంగు నోట్లో కుక్కుకునే పని పెట్టుకోలేదు. అడవి అంతా వినపడేట్టు నవ్వింది. తన చేతికున్న గాజుల్లోంచి ఒకటి తీసి, "నాది ఒకటి గూడ పెట్టక్కా, ఈ రాయి మీద నేను గూడ మోసిన గదా ఇయ్యాల," అంది.

అప్పుడు కర్ర చప్పుడైంది. అత్తయ్య. వసారా దాటి పెరట్లోకి రావడం ఆవిడ మానేసి చాలా కాలమైంది. వంగి, ఆగి, మళ్లీ నడిచి గోడ దగ్గరకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కట్టుకున్నవాడు బతికుండగా గాజులు గోడకి పెట్టడమేమిటని పెరడు ఎగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను.

"గాజులు పెట్టమన్నాడుగా వాడు," అంది. రొంటిన దోపుకున్న గుడ్డముడి విప్పింది. అందులో రెండు ఆకుపచ్చ మట్టిగాజులు, కొత్తవాటిలా. "మీ మామయ్య పోయినరోజు వీళ్లంతా కూర్చోబెట్టి పగలగొట్టారు. నేను ముందే ఈ రెండూ తీసి దిండు గలీబులో పెట్టా. ఏం చేసుకుంటానో తెలీక పెట్టా. ఇవి కూడా పెట్టు అమ్మాయ్. ఈ రాయి చెరో పక్కా పట్టుకుని మోశాం మనం, జ్ఞాపకముందా?"

నేను గాజులు అందుకున్నాను. ఏదో ఒక మాట అనాలి, నవ్వించేది. ఒక్కటి కూడా రాలేదు. అప్పుడు తట్టింది నాకు. ఫోన్ మోగింది చెట్టు కింద. వసారా అక్కడికి ఎంత దూరం!

"అత్తయ్యా," అన్నాను చాలా చిన్న గొంతుతో, "మీకు వినపడుతుందా?"

ఆవిడ చుట్టూ చూసింది. యోనా నీళ్ల డ్రమ్ము దగ్గర తాపీ కడుగుతున్నాడు.

"వినపడితే పని చెబుతారమ్మా," అంది. అని కర్ర తిప్పుకుని వెళ్లిపోయింది.

ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. నేను మాటలకి మెలిక వేసి పంపుతున్నాను, ఆవిడ వచ్చే మాటకి మెలిక వేసి అందుకుంటోంది. ఒకరిది నోరు, ఒకరిది చెవి. 'కోడలికి కోపం పోవాలి' అన్న ఆ పొద్దుటి మాట గుర్తొచ్చి, నిచ్చెన మీద కూర్చుండిపోయాను. పోవాలి అందా, పొద్దుట ఆవిడ? ఏమో, కోపం ఎక్కడికి పోవాలని అందో, ఎవరి దగ్గరికి పోవాలని అందో, నేను అడగలేదు.

ఆకుపచ్చ గాజులు రెండూ నడుమ పెట్టాను, ఒకదానిలోకి ఒకటి కొంచెం ఆనుకునేట్టు.

పొద్దు వాలకముందే మా ఆయన వచ్చారు. తెల్లచొక్కా మీద చేతులు కట్టుకుని గోడ పొడవునా నడిచి చూశారు. పెంకులు, పెంకులు, పెంకులు. నడుమకి వచ్చి ఆగారు. వాలుటెండలో గాజులన్నీ ఒకేసారి వెలిగాయి. తడి సిమెంటులో రంగురంగుల చిన్న చిన్న చెరువుల్లా.

"ఇదేంటి?"

"మీరే అన్నారు కదండీ."

"గాజు పెంకులన్నా."

"గాజులన్నరు సార్," అన్నాడు యోనా, సామాన్లు సర్దుకుంటూ. "స్పీకరుల అందరం విన్నం."

ఆయన మొహంలో నవ్వు మొదలైంది. నా గొప్ప చమత్కారాల జాబితాలో ఇదీ ఒకటి చేర్చుకుని, రేపు దుకాణంలో చెప్పుకోవడానికి. "నీ మాటల గారడీ పాడుగానూ! సర్లే. యోనా, రేపొచ్చి ఈ నడుమ ముక్క పగలగొట్టెయ్. పెంకులే పెడదాం."

"ఏం పగలగొట్టిస్తావురా?"

వసారాలోంచి వచ్చింది ఆ గొంతు. చెవిటి మనుషుల గొంతులా ఎత్తుగా లేదు, మామూలుగా ఉంది. "పెళ్లాం గాజులు పగలగొట్టిస్తావా? నువ్వు ఉండగానే?"

పెరడు చల్లబడింది. యోనా ఒక అడుగు వెనక్కేసి, "నా వల్ల గాదు సార్. వేరే ఎవరినన్న చూసుకోండ్రి," అన్నాడు. భీమక్క ఖాళీ తట్ట నెత్తిన బోర్లించుకుని, చూడనట్టు చూస్తోంది. మా ఆయన చెయ్యి ఎందుకో తన గుండెల మీదకి వెళ్లి, చొక్కా జేబు సర్దుకున్నట్టు నటించింది. ఏ ఆచారంతో అత్తయ్య చేతులు బోసిపోయాయో, ఆ ఆచారమే ఇప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది.

"అమ్మకి వినపడుతోందే," అన్నారు అయోమయంగా.

ఆయన నా వైపు తిరిగారు. ఈ ఇబ్బందిలోంచి దాటించడానికి నేనొక మాట వేస్తాను, అందరం నవ్వేసి లోపలికి వెళ్లిపోతాం, ఎప్పుడూ జరిగేది అదే. నా నోట్లో అప్పటికే నాలుగైదు మాటలు వచ్చి నిలబడ్డాయి, పిలిస్తే చాలు దూకేట్టు. గాజు గురించి ఒకటి, గోడూ గోడా కలిపి ఒకటి, కోతి మీద మంచిది ఒకటి. ఒక్కోదాన్నీ చూశాను. పొమ్మన్నాను. అవి చెప్పులు విడిచి అడవి వైపు వెళ్లిపోయాయి.

"ఏమండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, చిన్నగా వినపడింది. "ఇక్కడ నేను కూర్చుంటాను. రేపట్నుంచి గోడకి నీళ్లు మీరు పట్టండి."

ఆయన నవ్వడానికి నోరు సిద్ధంగా పెట్టుకుని, రెండో అర్థం కోసం నా మొహంలోకి చూశారు. చాలాసేపు వెతికారు.

ఆ మాటకి రెండో అర్థం లేదు.